అర్జీలో ‘అన్యాయం’ అనే మాట: ఎక్కడ రాయాలి, ఎక్కడ ఆపాలి?

అర్జీరాత (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చేవాళ్ళకి అర్జీలు రాసిపెడుతుంటాను. వచ్చినవాళ్ళ నోట మొదట వచ్చే మాట ఒకటే: “అన్నేయమైపోనాం బాబూ.” భూమి కొలతలో తేడా వచ్చినా అదే, పింఛను ఆగినా అదే, మిల్లులో ధాన్యం తూకం కోసినా అదే. దాన్ని “అన్యాయం జరిగినది, కావున న్యాయం చేయవలసినదిగా” అని కాగితం మీదికి దించితే అర్జీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. ఏ అర్జీ ఏ శాఖకు వెళ్ళాలో చదివినవాళ్ళకి అర్థం కావడం లేదు.

తెలిసినవాళ్ళు చెప్పండి. అన్యాయం, అక్రమం, పక్షపాతం, వివక్ష, దౌర్జన్యం – వీటిలో ఏది ఎక్కడ రాయాలి? “నాకు అన్యాయం చేశారు”, “నన్ను అన్యాయం చేశారు” రెండూ ఒకటేనా? “అన్నేయం” తప్పు మాట, కొట్టెయ్యమని కొందరంటున్నారు, నిజమేనా? “అన్నెం పున్నెం ఎరగని పిల్ల” అంటాం కదా, ఆ అన్నెం, ఈ అన్నేయం చుట్టాలా?

నమూనాగా ఒక ధాన్యం అర్జీ పెడుతున్నాను. ఇలాంటివే ఎక్కువ వస్తాయి:

“అయ్యా, మా ధాన్యమునకు మిల్లువారు చాలా అన్యాయం చేసి, అక్రమముగా, పక్షపాతముతో తూకములో కోత విధించి నన్ను అన్యాయం చేసినారు. కావున తమరు దయతో విచారించి నాకు న్యాయం చేయవలసినదిగా ప్రార్థన.”

దీన్ని ఎలా బాగుచెయ్యాలి?

---

చీపురుపల్లి తెలుగు పంతులు

ముందు మాట పుట్టుక చూద్దాం. మిగతావన్నీ అక్కణ్ణించే తేలతాయి.

అన్యాయం నఞ్ సమాసం, అంటే ‘కాదు’ అని చెప్పే ‘న’ ముందు చేరిన సమాసం. న + న్యాయం. హల్లు ముందు ‘న’ పోయి ‘అ’ మిగులుతుంది కాబట్టి అన్యాయం. అచ్చు ముందైతే ‘అన్’ అవుతుంది: అన్ + ఉచితం అనుచితం, అన్ + అర్హత అనర్హత. కొందరు దీన్ని అన్య + ఆయం అని విడదీసి “ఇతరుల ఆదాయం లాక్కోవడం” అని అర్థం చెబుతారు. వినడానికి బాగుంటుంది గాని అది తప్పు.

ఇక న్యాయం. ‘ని’ అనే ఉపసర్గ మీద వెళ్ళడం అనే అర్థమున్న ‘ఇణ్’ ధాతువు చేరి ఈ మాట వచ్చింది. దీనికి పాణిని చెప్పిన అర్థం అభ్రేషం, అంటే దారి తప్పకపోవడం, జరగాల్సిన తీరున జరగడం. కాబట్టి అన్యాయం అన్నప్పుడు మనం నిజానికి చెబుతున్నది “జరగాల్సిన తీరు ఒకటుంది, ఇక్కడ అది తప్పింది” అని. ఆ తీరు ఏమిటో చెప్పకుండా అన్యాయం అని మాత్రమే రాస్తే వాక్యంలో సగం మాయమైనట్టే. మీ అర్జీలన్నీ ఒకేలా కనబడటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

న్యాయానికి ఇంకో అర్థం కూడా ఉంది: పోలిక, సామెత లాంటి సూత్రం. స్థాలీపులాక న్యాయం, కాకతాళీయ న్యాయం అంటాం. తర్కశాస్త్రం పేరు కూడా న్యాయమే. ఈ అర్థాల్లో దానికి అన్యాయం ఎదురుమాట కాదు.

ఇప్పుడు మీరడిగిన విభక్తి సంగతి. ‘నాకు’, ‘నన్ను’ రెండూ వాడుకలో ఉన్నవే, అర్థం మాత్రం వేరు. “నాకు అన్యాయం చేశాడు” అంటే నాకు రావలసినదేదో రాకుండా చేశాడు, హక్కు దెబ్బతింది. “నన్ను అన్యాయం చేశాడు” అంటే నా బతుకునే దిక్కులేనిదాన్ని చేశాడు. పెళ్ళి చేసుకుంటానని వదిలేసిపోయినవాణ్ణి గురించి అలా అంటారు. మన వైపు చావింట్లో “మమ్మల్ని అన్నేయం సేసీసి ఎలిపోనావా నాయనా” అని ఏడుస్తారే, అదీ ఇదే వాడుక. అక్కడ చనిపోయినవాడు ఏ తప్పూ చెయ్యలేదు. వాడు లేని లోటే అన్యాయం. అందుకే ధాన్యం కోత గురించి “నన్ను అన్యాయం చేసినారు” అని రాస్తే అర్థం అటు జారిపోతుంది. అర్జీలో ‘నాకు’ అనే రాయండి.

“అన్యాయమైపోయాను” కూడా ఈ రెండో రకమే. అంటే నాశనమయ్యానని. అందులో చేసినవాడు కనబడడు. మీ దగ్గరికొచ్చిన మనిషి “అన్నేయమైపోనాం” అన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న “ఎవరు చేశారు, ఏం చేశారు?” అన్నదే. ఆ క్రియలోంచి కర్త జారిపోయాడు, మీరు వెనక్కి తేవాలి.

‘అన్యాయంగా’ అని క్రియావిశేషణం చేస్తే ఇంకా వదులవుతుంది. “అన్యాయంగా ప్రాణం పోయింది” అంటే చావాల్సిన వేళ కాని వేళ పోయింది. “రేటు మరీ అన్యాయంగా ఉంది” అంటే బాగా ఎక్కువని. “ఇంత తక్కువ తింటే ఎలాగండీ, అన్యాయం!” అనేది ఆప్యాయత. మరో విచిత్రం: “ఇదెక్కడి న్యాయమండీ?”, “ఇదెక్కడి అన్యాయమండీ?” రెండూ ఎదురుమాటలే అయినా వాడుకలో ఒకే అర్థం ఇస్తాయి. మొదటిది ప్రశ్న వేసి తప్పు పడుతుంది, రెండోది తప్పని తేల్చి ఆశ్చర్యపడుతుంది.

ఇక అన్నెం. సందేహం లేదు, చుట్టాలే. అన్యాయము వికృతి అన్నెము, పుణ్యము వికృతి పున్నెము. నిఘంటువుల్లో ఉంది. అన్నెం పున్నెం ఎరగని పిల్ల అంటే చెడూ మంచీ తెలియని పిల్ల. అన్యాయం చేసేవాణ్ణి అన్నెకారి అనేవారు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల ‘అన్నేయం’ కూడా ఆ దారిలోనే నలిగిన రూపం. ‘న్య’ అనే సంయుక్తం నోట్లో ‘న్న’ కావడం తెలుగు ఉచ్చారణకు సహజం. కన్య కన్నె అయింది, శూన్యం సున్న అయింది. ఆ మాట పలికిన మనిషిని తప్పు పట్టకండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు నోటి భాష కోసం ఏళ్ళ తరబడి పోరాడిన నేల ఇది.

---

బొబ్బిలి వకీలు

పంతులు గారు పునాది వేశారు. నేను ఆఫీసులో, కోర్టులో ఏ మాట ఏ పని చేస్తుందో చెబుతాను.

అక్రమం అంటే క్రమం తప్పినది. నిబంధన ఒకటి ఉండాలి, దాన్ని ఎవరో మీరి ఉండాలి. అక్రమ నిర్మాణం, అక్రమ రవాణా, అక్రమ తవ్వకం. ఈ మాట రాస్తే పక్కనే నిబంధన పేరు రావాలి, లేకపోతే అవతలివాళ్ళు “ఏ నిబంధన?” అని ఒక్క ప్రశ్నతో పక్కన పెడతారు. అక్రమం, అన్యాయం ఒకటి కాదని బాగా గుర్తుంచుకోవాలి. అంతా సక్రమంగానే జరిగి కూడా అన్యాయం కావచ్చు. సంక్షేమ పథకాల వడపోతలో నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు హద్దు చూడండి. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు వేరు కాపురాలు పెట్టి, మీటరు మాత్రం ఒకటే ఉంటే రెండు ఇళ్ళ వాడకం కలిసి హద్దు దాటిపోతుంది. ఉద్యోగి నిబంధన ప్రకారమే తీసేశాడు, అందులో అక్రమం లేదు. ఆ అర్జీలో “అక్రమంగా తొలగించారు” అని రాస్తే ఓడిపోయినట్టే. “ఒకే సర్వీసు నంబరు మీద రెండు కుటుంబాలు ఉన్నాయి, వేరు రేషన్ కార్డులు ఇవి, కాబట్టి వాడకాన్ని విడదీసి చూడండి” అని రాయాలి. అలా రాసిన కాగితం మీద పని జరగడానికి వీలుంటుంది.

పక్షపాతం రాయాలంటే ఇద్దరు పోటీదారులు, ఒక నిర్ణేత ఉండాలి. అర్హత ఒకటే అయిన ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే అది పక్షపాతం. పోల్చి చూపడానికి రెండో మనిషి లేకుండా ఆ మాట నిలబడదు. మీ ధాన్యం అర్జీలో రెండో రైతు ఎవరూ లేరు కాబట్టి అది తీసెయ్యండి. ఇంకో సంగతి, పక్షపాతం ఎప్పుడూ తిట్టు కాదు. “పేదల పక్షపాతి” అంటే పొగడ్త. కావలసినవాళ్ళకి కట్టబెట్టారని చెప్పాలనుకుంటే ఆశ్రిత పక్షపాతం అనండి. చుట్టాలకైతే బంధుప్రీతి.

వివక్ష ఇంకా ఇరుకైన మాట. ఒక మనిషిని కాక ఆ మనిషి పుట్టుకనో గుంపునో చూసి తక్కువ చెయ్యడం: కులం, మతం, ఆడ మగ, వైకల్యం. రాజ్యాంగం 15వ అధికరణ నిషేధించేది దీన్నే. 14 సమానత్వం గురించి, 16 ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించి, 17 అంటరానితనం రద్దు గురించి. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక. తెలుగులో అది తేడా చూపడంగా స్థిరపడిపోయింది. ఊరి పంపు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వకపోతే దాన్ని అన్యాయం అని మెత్తగా రాయకండి. వివక్ష అని రాసి, ఏ కారణంతో ఆపారో, ఆపినప్పుడు ఏ మాట అన్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ చట్టాన్ని తెలుగులో అత్యాచారాల నిరోధక చట్టం అంటాం. అందులో అత్యాచారం అంటే హింస, అవమానం, భూమి లాక్కోవడం వంటి ఘోరాలన్నీ. పాత అర్థం అది. ఇప్పటి పత్రికల్లో ఆ మాటకి ఒకటే అర్థం మిగిలింది. కాబట్టి అర్జీలో “మాపై అత్యాచారం జరిగింది” అని మాత్రం రాసి వదిలేస్తే పూర్తిగా వేరే కేసు అనుకుంటారు. కొట్టారా, కులం పేరుతో తిట్టారా, భూమిలోంచి వెళ్ళగొట్టారా అన్నది విడిగా రాయాలి.

దౌర్జన్యంలో బలప్రయోగం లేదా బెదిరింపు ఉండాలి. మోసంలో అబద్ధం ఉండాలి. ద్రోహంలో ముందు ఒక నమ్మకం ఉండి అది తెగాలి. ఈ మూడూ ఎక్కువమందికి తెలిసినవే.

అనుచితం గురించి కొంచెం ఆగి చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47)లో ఉన్నది అనుచిత వాణిజ్య పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా దానిలోకే వస్తాయి. 2(46)లో ఉన్నది అనుచిత ఒప్పందం. మన తెలుగులో ‘ఉచితం’ అనగానే డబ్బు లేకుండా ఇచ్చేదని అనుకుంటారు గాని, ఇక్కడ దాని అర్థం తగినదని. అందుకే “ధర ఉచితంగా లేదు” అని ఎవరైనా రాసిస్తే “ధర తగినట్టు లేదు” అని దిద్దండి. ఈ చట్టం కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ధాన్యం అమ్మిన రైతు వినియోగదారుడు కాదు, అమ్మకందారు. కాబట్టి మీ నమూనా అర్జీ అక్కడికి పోదు. అదే రైతు విత్తనాలు కొని మొలకెత్తక నష్టపోతే వినియోగదారుడే, ఆ సంగతి సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది.

చివరిగా సహజ న్యాయ సూత్రాలు. రెండే: తన వివాదానికి తానే తీర్పరి కాకూడదు, అవతలివాడి మాట వినకుండా నిర్ణయించకూడదు. పింఛనో కార్డో ఆగిపోయిన అర్జీల్లో చాలావాటికి ఇవి చాలు. “ఏ నోటీసు ఇవ్వకుండా, నా సమాధానం అడగకుండా తొలగించారు” అని ఒక్క వాక్యం రాస్తే, “ఘోర అన్యాయం” అని పదిసార్లు రాసినదానికంటే గట్టిగా నిలుస్తుంది.

---

మందస కొండదిగువ

రెండు అచ్చతెలుగు మాటలు మరిచారు మీరంతా.

ఒకటి ‘పాడి’. పాల పాడి వేరు. ఈ పాడికి న్యాయం, ధర్మం, పద్ధతి అని అర్థం. “ఇది నీకు పాడి కాదు” అంటే నువ్వు చేస్తున్నది న్యాయం కాదని. పెద్దవాళ్ళ మాటల్లో ఇప్పటికీ వినబడుతుంది. తిట్టు లేకుండా మందలించడానికి ఇంతకంటే మంచి మాట లేదు. అన్నదమ్ముల వాటాల దగ్గర, ఇంటి మనుషుల మధ్య ‘అన్యాయం’ అంటే గొడవ పెరుగుతుంది. ‘పాడి కాదు’ అంటే అవతలివాడు ఆలోచిస్తాడు.

రెండోది ‘తగవు’. తగు అన్నదాంట్లోంచి వచ్చింది, తగినది అని. పూర్వం దీనికి న్యాయం అనే అర్థం. తగవరి అంటే న్యాయం చెప్పే పెద్దమనిషి. ఇప్పుడు తగువు అంటే కొట్లాట. న్యాయం చెప్పించుకోడానికి వెళ్ళే సందర్భం పేరే పోట్లాటకి అంటుకుపోయింది. అయినా “తగువు తీర్చండి” అన్నప్పుడు పాత అర్థం నీడ కనబడుతుంది.

పక్షపాతానికి మన సామెతలు చాలా పదునైనవి. ఒక కంటికి సున్నం, ఒక కంటికి వెన్న. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. మూడోది ముందు రెండిటిలాంటిది కాదు, చూడండి. అది నష్టపోయినవాడి మాట కాదు, లాభపడినవాడి ధీమా. పంక్తిలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వడ్డించడాన్ని వలపక్షం అనేవారు. వకీలు గారన్న పక్షపాతానికి అదే అచ్చమైన బొమ్మ: ఒకే పంక్తి, ఇద్దరు మనుషులు, వడ్డించే చెయ్యి ఒకటే.

అర్జీరాత గారూ, ఆ మనిషి “నాయమేనా బాబూ” అన్నదాన్ని మీరు “న్యాయమా” అని మారిస్తే పరవాలేదు. కాని తను అనని ‘అక్రమముగా, పక్షపాతముతో’ మీరు చేర్చకండి. అధికారి పిలిచి అడిగినప్పుడు ఆ మాటకి అర్థం అతనే చెప్పాలి.

---

అర్జీరాత (శ్రీకాకుళం)

చాలా ఉపయోగపడింది మాస్టారూ, వకీలు గారూ, మందస వారూ. మీరు చెప్పినట్టు తిరగరాశాను:

“నేను రైతు సేవా కేంద్రం ద్వారా ధాన్యం అమ్మాను. కేంద్రంలో తేమ 16 శాతం అని చూశారు. మిల్లులో తేమ ఎక్కువుందని చెప్పి 80 కిలోల బస్తాకు 3 కిలోలు తరుగు తీశారు. నాకు అన్యాయం జరిగింది. తరుగు సొమ్ము ఇప్పించగలరు.”

ఇంకా ఏం కావాలి? అలాగే మరో రెండు సందేహాలు. భూముల రీసర్వేలో విస్తీర్ణం తగ్గినవాళ్ళు “మా భూమి అన్యాక్రాంతం చేశారు” అని రాయమంటున్నారు, సరేనా? వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల పరిహారం అర్జీలో ‘న్యాయపరమైన పరిహారం’ అనాలా, ‘న్యాయమైన పరిహారం’ అనాలా?

---

టెక్కలి ధాన్యం లెక్క

ధాన్యం అర్జీ సంగతి నేను చెబుతాను. మొదటిదానికంటే ఇది వెయ్యి రెట్లు మేలు. కాని నాలుగు లోపాలున్నాయి.

ఎన్ని బస్తాలో రాయలేదు. బస్తాకు 3 కిలోలు అంటే వినడానికి చిన్నది. 60 బస్తాలైతే 180 కిలోలు. 2024–25 ఖరీఫ్ సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు, అంటే 4,140 రూపాయలు. ఆ అంకె కాగితం మీద కనబడాలి. “తరుగు సొమ్ము ఇప్పించగలరు” అంటే ఎంతో అధికారి లెక్క కట్టుకోడు.

రెండోది, 16 శాతం అని రాసి హద్దు ఎంతో రాయలేదు. కొనుగోలు ప్రమాణాల్లో తేమ హద్దు 17 శాతం. “17 శాతం హద్దుకు లోబడి 16 శాతం ఉంది” అని రాస్తే, పంతులు గారు చెప్పిన ‘జరగాల్సిన తీరు’ వాక్యంలోకి వచ్చేసినట్టే. ఇక అన్యాయం అని వేరే చెప్పక్కర్లేదు.

మూడోది తేదీలు. కేంద్రంలో తేమ కొలిచిన తేదీ, బండి మిల్లుకు వెళ్ళిన తేదీ, అక్కడ మళ్ళీ కొలిచిన తేదీ. మధ్యలో వాన పడిందా, బండి ఆరుబయట ఎంతసేపు ఆగింది అన్నవి అవతలివాళ్ళు తప్పకుండా అడుగుతారు. తేదీలు దగ్గరదగ్గరగా ఉంటే అర్జీ బలం పెరుగుతుంది, రెండు మూడు రోజుల తేడా ఉంటే కారణం ముందే రాసుకోవాలి. ట్రక్ షీట్ (ధాన్యం మిల్లుకు పంపిన చీటీ) నంబరు, సొమ్ము జమకు వచ్చిన ఎఫ్‌టీఓ (సొమ్ము బదిలీ ఉత్తర్వు)లో ఉన్న బరువు, రెండూ పక్కపక్కన రాయండి. ఎఫ్‌టీఓలో పూర్తి బరువుకే సొమ్ము పడి, తరుగు ధాన్యం మాత్రం చేతిలో అదనంగా తీసుకుని ఉంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. లేకపోతే రికార్డు చూసి “తేడా ఏమీ లేదు” అని అర్జీ మూసేస్తారు. ఈ రకం అర్జీలు ఎక్కువగా పోయేది ఇక్కడే.

నాలుగోది, తరుగుకీ తూకం మోసానికీ తేడా. తేమ పేరు చెప్పి బాహాటంగా తీస్తే అది తరుగు, పౌరసరఫరాల వైపు వెళ్ళాలి. కాటా తప్పుగా చూపితే తూనికలు కొలతల శాఖ చూడాలి. రెండూ ఒకే అర్జీలో కలిపితే ఒకరు ఇంకొకరి మీదికి తోస్తారు. ఏ సంచి బరువు ఎంత తీశారో కూడా విడిగా రాయించండి. ఖాళీ గోనె బరువునూ తేమ తరుగునూ రైతు కలిపేసి చెబుతాడు, తరవాత లెక్క కుదరదు.

---

బొబ్బిలి వకీలు

రెండు సందేహాలకీ జవాబు.

అన్యాక్రాంతం వేరు, అన్యాయం వేరు. అన్య + ఆక్రాంతం, ఇతరుల వశమైనదని. చెరువు గర్భమో, దేవాలయ భూమో, ప్రభుత్వ భూమో ఎవరి చేతికో పోతే ఆ మాట. రీసర్వేలో మీ మనిషి పొలమే ఆయన స్వాధీనంలో ఉండి, కొత్త రికార్డులో 2 సెంట్లు తక్కువ పడితే అది విస్తీర్ణం తేడా. పాత భూమి రికార్డులైన అడంగల్, 1బీలో ఎన్ని సెంట్లు, కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబరులో ఎన్ని సెంట్లు, రెండూ రాసి “హద్దులు మళ్ళీ కొలవండి” అని అడగాలి. అలా కొలిపించడానికి ఎఫ్-లైన్ దరఖాస్తు వేరే ఉంది. “అన్యాక్రాంతం” అని రాస్తే పక్కరైతు ఆక్రమించాడని మీరు నింద వేసినట్టు అవుతుంది, ఊళ్ళో అనవసరమైన పగ. పక్కరైతు నిజంగానే గట్టు జరిపితే ‘ఆక్రమణ’ అని రాయండి.

రెండోదానికి ‘న్యాయమైన’ అన్నదే సరి. ‘న్యాయపరమైన’ అంటే కోర్టుకూ చట్టానికీ సంబంధించినది: న్యాయపరమైన చిక్కులు, న్యాయపరమైన సలహా. ‘న్యాయమైన’ అంటే తగినంత, సమంజసమైన. 2013 భూసేకరణ చట్టం పేరులోనే న్యాయమైన పరిహారం హక్కు ఉంది. ఆ మాటను అలాగే వాడితే ఏ చట్టం కింద అడుగుతున్నారో చదివినవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. అలాగని ఫెయిర్ అన్నచోటల్లా న్యాయం కుదరదు. ఫెయిర్ ప్రైస్ షాపును మనం చౌకధరల దుకాణం అంటాం గాని న్యాయధరల దుకాణం అనం.

---

చీపురుపల్లి తెలుగు పంతులు

ధాన్యం లెక్క గారితో ఒక్క చోట విభేదిస్తాను. “అన్యాయం అని వేరే చెప్పక్కర్లేదు” అన్నారు. ఒక్కసారి చెప్పాలి. అర్జీ లెక్కల పట్టిక కాదు, ఒక మనిషి తన బాధను పైకి పంపే కాగితం. రాజ్యాంగం 46వ అధికరణ కూడా బలహీన వర్గాలను సామాజిక అన్యాయం నుంచి కాపాడాలని చెప్పేటప్పుడు ఈ మాటే వాడవలసి వచ్చింది. కాని దాన్ని ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. ముందు పెడితే నింద, లెక్క చెప్పాక పెడితే తీర్పు. ‘ఘోర’, ‘తీవ్ర’, ‘చాలా’ అనే విశేషణాలు వద్దు. అవి చేరినకొద్దీ అసలు మాట పలచబడుతుంది.

“న్యాయం చేయగలరు” అనే ముగింపు కూడా మానండి. న్యాయం అంటే ఇక్కడ ఏమిటో అర్జీదారే చెప్పాలి. ‘గలరు’ అనేది సామర్థ్యాన్ని చెబుతుంది, వేడుకోలుకు ‘ఇప్పించండి’ అని రాస్తే మర్యాదా తగ్గదు, అర్థమూ తప్పదు. ఇలా రాసి చూడండి:

“నేను ఫలానా తేదీన రైతు సేవా కేంద్రంలో 80 కిలోల బస్తాలు 60 అప్పగించాను. అక్కడ కొలిచిన తేమ 16 శాతం, హద్దు 17 శాతం. మర్నాడు మిల్లులో తేమ ఎక్కువుందని నోటిమాటగా చెప్పి బస్తాకు 3 కిలోల చొప్పున 180 కిలోలు తగ్గించారు. కొలిచిన చీటీ అడిగితే ఇవ్వలేదు. హద్దులోపల ఉన్న ధాన్యానికి తరుగు తియ్యడం నాకు అన్యాయం. 180 కిలోల ధర 4,140 రూపాయలు నాకు ఇప్పించండి. ట్రక్ షీట్, ఎఫ్‌టీఓ నకళ్ళు జతపరిచాను.”

---

మందస కొండదిగువ

ఇది బాగుంది మాస్టారూ. ఒక్క చిన్న మార్పు: ‘నోటిమాటగా చెప్పి’ అన్నచోట ఎవరు చెప్పారో కూడా రాయించండి. పేరు తెలియకపోతే “కాటా దగ్గర ఉన్న గుమస్తా” అన్నా చాలు. అర్జీ రాశాక ఆ మనిషికి ఒకసారి పైకి చదివి వినిపించండి. తను చెప్పని మాట దొర్లితే అక్కడే ఆపుతాడు, సంతకమో వేలిముద్రో తరవాత వేయించుకోవచ్చు.

---

అర్జీరాత (శ్రీకాకుళం)

అలాగే చేస్తాను. ఈ సోమవారానికి ధాన్యం అర్జీలు మూడున్నాయి. వాటిలో ఒకాయన ఖాళీ గోనె బరువునూ తరుగునూ కలిపే చెప్పాడు. ఈ రాత్రికే ఫోన్ చేసి రెండూ విడదీయించి రాస్తాను. ఒకే మీటరు మీద రెండు కాపురాలున్న ఇంటి అర్జీ కూడా ఒకటుంది, కరెంటు బిల్లులు ఆరు నెలలవి తెమ్మన్నాను. వకీలు గారూ, ఇద్దరి రేషన్ కార్డుల నకళ్ళు కాక ఇంటిపన్ను రసీదు కూడా జతచెయ్యాలంటారా?

---

బొబ్బిలి వకీలు

ఇంటిపన్ను వేర్వేరు డోరు నంబర్ల మీద కడుతుంటే తప్పకుండా జతచెయ్యండి. ఒకటే డోరు నంబరైతే అది మీకే ఎదురు తిరుగుతుంది. అప్పుడు రేషన్ కార్డులు, గ్యాస్ కనెక్షన్ పుస్తకాలు వేర్వేరుగా ఉన్నాయో చూసి అవి పెట్టండి. రెండో మీటరుకు దరఖాస్తు కూడా అదే రోజు పెట్టించి, ఆ రసీదు నంబరు అర్జీలో రాయండి.